రేపల్లె పెద్దమ్మ చెడగొట్టిన సున్నా

డిగ్రీ పూర్తయి ఊరికే తిరుగుతున్న ఆ రోజుల్లో, "ఇప్పుడేం చేస్తున్నావ్?" అని అడగనివాళ్లే నాకు దేవుళ్లు. అలాంటి సమయంలో తెనాలిలో ఒక సర్వే ఆఫీసులో మూడు నెలల ఉద్యోగం దొరికింది. ఏ దేశంలో ఎంతమంది మత్తుమందులు వాడుతున్నారో లెక్కతీసి, దేశాలన్నిటినీ వరసగా నిలబెట్టి పోల్చే మహాకార్యం అది. మన వంతు లెక్క తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి నేను తేవాలి. బాగా చేస్తే పర్మినెంటు అన్నారు మా సారు. ఆ మాట వినగానే అమ్మ వీధంతా స్వీట్లు పంచేసింది (నా కొంప మునిగింది అక్కడే).

ప్రతి మనిషినీ విడిగా, గుట్టుగా అడగాలని మాకిచ్చిన పుస్తకంలో ఉంది. అది రాసినవాళ్లు మా వైపు ఎప్పుడూ వచ్చినట్టు లేరు. కొత్తమనిషి వాకిట్లో కాగితాలు తీస్తే ఎదురింటివాళ్లు కూడా కుర్చీలు తెచ్చుకునే ఊళ్లు మావి. పైగా వరస కలపకుండా నాకు నోరు రాదు. "బాబాయిగారూ, పోయిన నెల్లో గంజాయి ఎన్నిసార్లు తీసుకున్నారండీ?" అని కోడళ్లూ వియ్యపురాలూ వింటుండగా అడిగేవాణ్ని. తెనాలి బాబాయి, "మా ఊళ్లో అలాంటివేం లేవయ్యా, రేపల్లెలో అడుగు" అన్నాడు. రేపల్లెవాళ్లు, "ఇక్కడేంటండీ, బాపట్లయితే సముద్రం పక్కన, అక్కడుంటాయి" అన్నారు. బాపట్లవాళ్లు నన్ను మళ్లీ తెనాలి బస్సెక్కించారు.

రేపల్లెలో ఒక్క ఇల్లు మిగిలిపోతే ఇంకోరోజు వెళ్లాను. ఆ రోజు వాన దంచికొట్టడంతో ఎదురింటి కుర్చీలు రాలేదు. ఇంట్లో ఒక పెద్దమ్మ మాత్రమే ఉంది. నా ప్రశ్న విని వీధి తలుపు దగ్గరికేసి వచ్చింది.

"మా చిన్నాడు తీసుకుంటాడు నాయనా. ఎవరికీ చెప్పలా, నీకే చెప్తున్నా. ఎక్కడ చూపిస్తే తగ్గుద్దో ఆ కాగితంలో ఏవన్నా రాశారా?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. రాయలేదు. "కనుక్కుని చెప్తా పెద్దమ్మా" అన్నాను.

ఆఫీసుకు వెళ్లేసరికి సారు పట్టిక గీసేసి మురిసిపోతున్నారు. పెద్ద పెద్ద దేశాల పక్కన బోలెడు అంకెలు, మన పక్కన గుండ్రంగా సున్నా. (అడిగితే నిజం చెప్పిన దేశం చెడ్డది, చెప్పని ఊరు మంచిది అనే శాస్త్రం అలా పుట్టింది.) నా కాగితం చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఒక్క ముసలమ్మ మాట పట్టుకుని మూడూళ్ల పరువు తీస్తావా? పర్మినెంటు కావాలా, వద్దా?" అన్నారు. నాకు అమ్మ పంచిన స్వీట్లు గుర్తొచ్చాయి. పెద్దమ్మ చెప్పిన జవాబును నా పెన్నుతో నేనే కొట్టేశాను.

నెల తిరక్కుండానే, సున్నా ఉన్నచోట ఇక సర్వే దేనికని పైవాళ్లు ఆఫీసు మూసేశారు. సారు, నేను ఒకే బస్సులో ఇంటికొచ్చాం.

ఇప్పుడు నాకూ చేతికందిన కొడుకున్నాడు. పేపర్లో అలాంటి పట్టికలు కనిపిస్తే, స్వీట్ల పరువు కోసం పెన్ను తీసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. పెద్దమ్మ దగ్గరికి నేను మళ్లీ వెళ్లలేదు. కనుక్కుని చెప్తానన్నప్పుడు మాత్రం, నిజంగా చెప్తాననే అనుకున్నాను.