వరండాలో హాజరు

ఊరి కుళాయి నీళ్లను ఇరవై రెండేళ్లుగా పరీక్షించిన మనిషికి, ఉద్యోగం పోయిందని భార్యతో చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. నీళ్ల ఆఫీసులో నలభై ఒక్కమందిని ఒకే కాగితంతో ఇంటికి పంపేశారు. శుక్రవారం "మీకేం భయం లేదు" అన్న పెద్దాఫీసరే సోమవారం దానిమీద సంతకం పెట్టాడు. నమ్మించి గొంతు కోశాడు మహానుభావుడు.

హెడ్‌క్లర్కమ్మ పేరూ అందులో ఉంది. ఆవిడ కొత్త రిజిస్టరొకటి కొని, "రేపట్నుంచి పదింటికి మా ఇంటి వరండాలో హాజరు. ఆలస్యమైతే ఎర్రసిరా" అంది. ఆవిడకు మతి చలించిందనుకుంటూనే అందరూ వెళ్లారు. అక్కడ అర్జీలు రాసుకునేవారు. పెద్దాఫీసరును తిట్టుకోవడానికి రోజూ పావుగంట కేటాయింపు. నీళ్లాయనా క్యారేజీ పట్టుకుని వెళ్లేవాడు. ఇంకెక్కడికి వెళ్తాడు?

మూడోవారం ఒకరోజు అతనికి కాళ్లు కదల్లేదు. జ్వరమని భార్యతో చెప్పి ముసుగుతన్ని పడుకున్నాడు. పదకొండింటికి హెడ్‌క్లర్కమ్మ చంకలో రిజిస్టరుతో దిగింది. ఆవిడ నేరుగా మంచం దగ్గరికొచ్చింది.

"సెలవు చీటీ లేకుండా మానేస్తే ఎలా నాయనా? కారణం రాసివ్వు."

జ్వరమని రాశాడు. ఆవిడ అతని నుదురు తాకి చూసి, కాగితం వెనక్కిచ్చింది. "మళ్లీ రాయి."

ముప్ఫయ్యేళ్లలో ఆవిడ దొంగ కారణానికి సెలవిచ్చిన పాపాన పోలేదు. చివరికి రాశాడు: "ఉద్యోగం పోయిన సంగతి నా భార్యకు చెప్పలేక హాజరు కాలేకపోయాను. మన్నించ ప్రార్థన."

"ఇది మంజూరు చేయాల్సింది నేను కాదు," అందావిడ, వంటగది వైపు చూపిస్తూ.

అతను కాగితం పట్టుకెళ్లి ఇస్తే, భార్య పొయ్యి కట్టేసి, నిలబడే చదివింది. కాగితం మడిచి అడిగింది. "మరి ఇన్నాళ్లూ ఆ క్యారేజీ ఎక్కడ తిన్నారు?"

"మేడమ్ గారి వరండాలో. ఆవిడతో సహా తీసేసినవాళ్లమంతా అక్కడే కూర్చుంటున్నాం."

ఆమె ముందుగదిలోకి వచ్చి హెడ్‌క్లర్కమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ఈయన్ని కనిపెట్టుకుని ఉన్నారు, మీ మేలు మర్చిపోలేను. మరి మీ ఉద్యోగమూ పోయింది కదమ్మా. మీరెలా ఉన్నారు?"

ఆ ముక్క ఇంతవరకూ ఎవరూ అడగలేదు, వరండాలో రోజూ కూర్చున్న నలభైమందీ అడగలేదు. ఆవిడ కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నీళ్లాయన సిగ్గుతో తలదించుకున్నాడు. తర్వాత వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, ఆవిడ ఏడ్చినంతసేపూ పక్కనే నిలబడ్డాడు. తన్ను నిలబెట్టిన మనిషికి ఈ కాస్తయినా చేయగలిగినందుకు అతని మనసు నిండిపోయింది.