జెయింట్ వీల్ ఎక్కిన ఉప్పు బస్తాలు

నవంబరు వచ్చిందంటే మా ఇంట్లో క్లోజెట్ పై అరలోంచి నీలం సూట్‌కేసు కిందికి దిగేది. అది హాల్లో గోడవారగా నిలబడ్డ రోజున మా అమ్మాయి అన్నం సరిగ్గా తినేది కాదు. దాని మీద కాలు పెట్టి నిలబడేది, కదలనివ్వనన్నట్టు.

మా వారు షికాగో దగ్గరి అరోరాకి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న అమ్యూజ్‌మెంట్ పార్కులో యంత్రాల పని చూసేవారు. జెయింట్ వీల్, గుర్రాల రాట్నం, ఢీకొట్టుకునే కార్లు, నీళ్ళలోకి జారే పడవ, అంతే. ఎండాకాలం జనం విరగబడేవారు. చలిగాలి మొదలవగానే గేటుకి తాళం. ఆ తరువాత కొన్ని వారాలు ఆయన యంత్రాలు విప్పి, చూసి, షెడ్డులో పెట్టేవారు. ఆ పని అయ్యాక జీతం ఆగిపోయేది. అప్పుడు టెక్సస్ వెళ్ళి, ఇర్వింగ్ దగ్గర ఒక వర్క్‌షాపులో వసంతం దాకా పని చేసేవారు. ఇక్కడి మంచునంతా నాకూ అమ్మాయికీ వదిలేసి వెళ్ళేవారు.

మొదటి చలికాలం సంగతి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. మంచు పడితే ఆ వీధిలో కార్లు పెట్టకూడదని స్తంభానికి బోర్డు ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచేదాన్ని. ఒక పొద్దున లేచి చూస్తే మా కారు లేదు, మంచులో దాని ఆకారమంత గుంట మాత్రం ఉంది. దొంగతనం అనుకుని ఏడ్చాను. బడి నుంచి వచ్చిన అమ్మాయి బోర్డు చదివి, కారుని ఊరివాళ్ళే లాక్కెళ్ళి ఉంటారని చెప్పింది. అప్పుడే లైబ్రరీలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే క్లాసులో చేరాను. ముందు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తరువాత అమ్మాయి ఆదివారం బడి వాచకంలోంచి తెలుగు అక్షరాలు. అందుకే నా చదువంతా ఆయన లేని చలికాలాల్లోనే సాగింది. అయినా ఆయన ఇంట్లో ఉంటే ఆ చదువు కాస్త ఆలస్యమైనా పరవాలేదనిపించేది.

ఎనభైల మొదట్లో ఆ పార్కుని పాత యజమానుల దగ్గర మా డాక్టరుగారు కొన్నారు. వరంగల్ వైపు మనిషి. గుండె డాక్టరు. మా వారిని అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవారు. ఒక అక్టోబరు ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పుచారు కలుపుకుంటూ మాట మొదలుపెట్టారు.

"వదినా, మీరే చెప్పుండ్రి. మన దిక్కు ఎగ్జిబిషన్ ఎప్పుడు పెడ్తరు?"

"మా గోదావరి వైపు తీర్థాలండీ. పుష్యమాసం నుంచి శివరాత్రి దాకా జరుగుతూనే ఉంటాయి."

"అదే గద! హైదరాబాద్‌ల గూడ జనవరిలనే. ఎండలల్ల ఎవడన్న పోతడా? మనిషి బయటికొచ్చేదే చలికాలం. మనం గప్పుడే తాళమేసుకొని కూసుంటున్నం. ఎవలు పెట్టిన్రు ఈ రూలు?"

"మంచు పెట్టిందండీ," అన్నారు మా వారు తల ఎత్తకుండా.

"మంచుల స్కీయింగ్ పోతలేరా జనం? చెట్లకు లైట్లు పెడ్దం. వేడి కాఫీ, వదిన చేతి బజ్జీలు. వీల్ ఒక్కటి, గుర్రాలు ఒక్కటి నడుపుదం. పన్నెండు నెలలు పార్కు నడిస్తే పన్నెండు నెలలు జీతం. టెక్సస్ బోవుడెందుకన్నా?"

పక్కగదిలో హోంవర్కు చేసుకుంటున్న అమ్మాయి పెన్సిలు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "నాన్న వెళ్ళడా? అంకుల్, ఫర్ రియల్?"

"మీ నాన్ననే అడుగు బిడ్డా."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "చలికాలం ఖాళీ కాలం కాదండీ. అది విప్పి చూసే కాలం. నడుపుతూ ఉంటే విప్పేదెప్పుడు?" అన్నారు.

"ఏప్రిల్‌ల ఇప్పుండ్రి."

"ఏప్రిల్లో బిగించాలి కదా."

"అన్నా, ఒక్క చలికాలం చూద్దం. మంచిగ లేకుంటే బంద్ చేద్దం."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి పెన్సిలు కొరుకుతున్న పిల్ల వైపు చూశారు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏం కనపడేదో ఆయనకు తెలుసు. "సరే, ఒక్క చలికాలం," అన్నారు.

ఆ నవంబరులో సూట్‌కేసు దిగలేదు. జెయింట్ వీల్ కూడా దిగలేదు.

విప్పి చూడటమంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి అది గుండెలో ఒక మూల గుచ్చుకుంటూనే ఉండేది. ఏటా ఆ వీల్ పొడవాటి ఇనుప చేతుల్ని షెడ్డులోకి తెచ్చి, హీటర్ పెట్టుకుని, అతుకుల మీద ఎర్రరంగు పూసి తుడిచేవారు. పైన తెల్లపొడి కొట్టేవారు. ఇనుములో వెంట్రుకంత పగులున్నా ఆ తెలుపు మీద ఎర్రగీతై తేలుతుంది. బయట చలిలో ఆ పరీక్ష కుదరదు. దానికి బదులుగా ఆయన రోజూ పొద్దున్నే సుత్తీ టార్చీ తీసుకుని వీల్ కింద పాకుతూ అతుకతుకూ తట్టి వినేవారు. గేరుబాక్సులో చలికి తట్టుకుంటుందని పలుచటి నూనె పోశారు. ఇంటికొచ్చి స్టవ్ మీద చేతులు కాచుకుంటూ, "మోటారు మూలుగుతోంది," అనేవారు. మరో రోజు, "ఇవాళ కొంచెం నయం," అనేవారు. ఇంట్లో ముసలివాళ్ళుంటే చెప్పుకునే మాటల్లా ఉండేవి.

థాంక్స్‌గివింగ్ దాటాక శనాదివారాలు తెరిచాం. చెట్లకి లైట్లు బాగానే ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కార్లు నెమ్మది చేసి రోడ్డు మీంచే చూసి వెళ్ళిపోయేవారు. ఎండాకాలం పనిచేసే కాలేజీ పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు. వీల్ నడిపే ముసలి అమెరికనాయన, మా వారు, బజ్జీల దగ్గర నేను మిగిలాం. పిండి గిన్నె అంచున గడ్డకట్టేది.

జనం కోసం డాక్టరుగారు షికాగో చుట్టూ ఉన్న తెలుగువాళ్ళందరికీ ఫోన్లు చేశారు. డిసెంబరులో ఒక శనివారం అందరూ వచ్చారు. పట్టుచీరల మీద కోట్లు, కోట్ల కింద టెన్నిస్ బూట్లు. పులిహోర డబ్బాలు కూడా తెచ్చుకున్నారు. కానీ కార్లు దిగరే! ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని, అద్దాలకు ఆవిరి పట్టగా లోపలే కూర్చుని తిన్నారు. పిల్లలు మాత్రం ఒక రైడు ఎక్కి, పరుగున వెళ్ళి కార్లో వెచ్చబడి, మళ్ళీ వచ్చేవారు. తీర్థానికి వచ్చి బండి దిగని జనాన్ని నేను అక్కడే చూశాను.

"వదినగారూ, బజ్జీలు కార్‌కి డెలివరీ చేస్తారా?" అని ఒకావిడ అద్దం కొంచెం దించి అడిగింది.

"టిప్ ఇస్తే కారులోకి వచ్చి తినిపిస్తానండీ," అన్నాను. నవ్వుతూనే ఉన్నాను, కానీ నా చూపంతా వీల్ మీదే. మా అమ్మాయి డాక్టరుగారి చిన్నపాపని వెంటబెట్టుకుని ఎక్కింది.

పొద్దు వాలుతూనే ఉత్తరపు గాలి లేచింది. నూనె మూకుడు కింద మంట పక్కకి వాలిపోయింది. అప్పుడే వీల్ ఆగింది. ఎక్కించుకోవడానికి ఆగిందనుకున్నాను. ముసలాయన మీట నొక్కాడు. మోటారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి మూలుగు కూడా లేదు.

నేను జల్లిగంటె చేతిలో పట్టుకునే పరుగెత్తాను. మా అమ్మాయి కూర్చున్న తొట్టి సరిగ్గా శిఖరాన ఉంది. గాలికి ఊగుతోంది.

"అమ్మా!" పైనుంచి సన్నగా వినిపించింది. "ఇట్స్ స్టక్!"

"చెల్లిని గట్టిగా పట్టుకో! కదలకు!"

"పాప ఏడుస్తోంది అమ్మా! చేతులు ఫ్రీజ్ అవుతున్నాయి!"

డాక్టరుగారు అప్పటికే మా వారి పక్కన ఉన్నారు. "అన్నా, మళ్ళొకసారి స్విచ్ ఎయ్యుండ్రి."

"వద్దండీ. నూనె మైనంలా బిగిసింది. బలవంతం చేస్తే గేరు పళ్ళు పోతాయి, అప్పుడిక అసలు కదలదు. మోటారు విడదీసి చేత్తో తిప్పుదాం." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతి తొడుగులు విప్పేసి ఉన్నారు. భయం వేస్తే ఆయనకు దేన్నైనా వట్టి చేతులతో పట్టుకోవాలనిపిస్తుంది.

కార్లలోంచి మగవాళ్ళందరూ దిగారు. చక్రం అంచు పట్టుకుని లాగబోతే మా వారు ఆపారు. "ఆగండి! ఒక పక్కవాళ్ళని దించేస్తే రెండో పక్క బరువుకి చక్రం దానంతటదే తిరిగిపోతుంది. దిగినవాళ్ళంత బరువు ఆ తొట్టిలో పెట్టాలి. ఉప్పు బస్తాలు తెండి."

మంచు కరగడానికి దారుల్లో చల్లే ఉప్పు షెడ్డు పక్కన పేర్చి ఉంది. వరసగా నిలబడి బస్తాలు అందించుకున్నాం. పట్టుచీరల వాళ్ళూ పట్టారు. ముసలాయన బ్రేకు పట్టుకున్నాడు, కొంచెం వదలడం, మళ్ళీ బిగించడం. ఒక తొట్టి కిందికి రావడం, వణుకుతున్న పిల్లలు దిగడం, వాళ్ళ చోట బస్తాలు కూర్చోవడం, మళ్ళీ చక్రం ఒక మెట్టు కదలడం. ప్రతి కదలికకీ ఇనుము కిర్రుమనేది. ఆ కిర్రు వినిపించినప్పుడల్లా నాకు ఆ ఏడు ఎవరూ ఎర్రరంగు పూయని అతుకులే గుర్తొచ్చేవి. ఆయనకీ అదే గుర్తొస్తోందని తెలుసు. అందుకే ఆయన మొహం వైపు చూడలేదు.

మా అమ్మాయి తొట్టి ఇంకొక్క మెట్టు పైన ఉండగా బస్తాలు అయిపోయాయి. మిగతావి పార్కింగ్ అవతల ఉన్నాయి.

"నేను కూసుంట," అన్నారు డాక్టరుగారు. ఎవరూ ఏమీ అనకముందే ఖాళీ తొట్టిలో కూర్చుని, కడ్డీ వేసుకున్నారు.

"డాక్టరుగారైతే రెండు బస్తాల సరుకు, సరిపోతారు," అని వెనకనుంచి ఎవరో ఆడగొంతు. భయంలోనే అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. చక్రం కదిలింది. ఆయన పైకి లేస్తుంటే ఆయన కూతురు కిందికి దిగింది. పాపని వాళ్ళమ్మ కోటులోకి లాక్కుంది. నా పిల్ల చేతులు కడ్డీ నుంచి విడదీయడానికి వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీయాల్సి వచ్చింది. బజ్జీల పొయ్యి దగ్గర వెచ్చబడ్డ నా కొంగులో వాటిని చుట్టాను.

పార్కింగ్ అవతలి బస్తాలు కూడా తెచ్చి మిగతా సగం చక్రం ఖాళీ చేసేదాకా డాక్టరుగారు బరువుగా పైనే ఉన్నారు. శిఖరాన, ఆ గాలిలో, టై ఎగురుతూ. ఆఖరున దింపాం.

టికెట్ల గదిలో హీటరు ముందు కూర్చుని ఆయన కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నారు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి అడిగారు.

"అన్నా, ఇంకో నూనె పోసి, గేరుబాక్సుకు హీటర్ పెడితే నడుస్తదా?"

మా అమ్మాయి నా ఒళ్ళో ఉంది. వాళ్ళ నాన్న నోటివైపే చూస్తోంది. ఆయన ఒక్కమాట అంటే చాలు, సూట్‌కేసు పై అరలోనే ఉంటుంది. హీటరు పెట్టుకోవచ్చు. ఆయనకి తోడుగా ఇంకొక మనిషిని పెట్టుకోవచ్చు.

"నడుస్తుందండీ," అన్నారు మా వారు.

"మరి?"

"నేను నడపను. విప్పి చూడని చక్రం కింద రోజూ సుత్తి పట్టుకుని వినడం నా వల్ల కాదు. ఇవాళ పైన ఉన్నది మన పిల్లలు."

డాక్టరుగారు కాఫీ కప్పు కింద పెట్టారు. తరువాత, "పైన కూసున్నప్పుడు నాగ్గూడ కిర్రు వినబడ్డదన్నా," అన్నారు. "లైట్లు తీసేయిద్దం."

అమ్మాయి నా ఒళ్ళోంచి లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడింది. ఇంటికి వెళ్ళే దారంతా వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. సూట్‌కేసు నేనే దించాను.

వెళ్ళేముందు ఆయన వీల్ విప్పారు. ఒక సాయంత్రం క్యారేజీ తీసుకుని షెడ్డుకి వెళితే, వీల్ చేతులన్నీ నేల మీద బారుగా, అతుకుల దగ్గర తెల్లగా పొడి పూసుకుని ఉన్నాయి. ఆయనతో పాటు నేనూ వంగి ఒక్కో అతుకూ చూశాను. ఎక్కడా ఎర్రగీత లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

"అయితే నడిపి ఉండచ్చన్నమాట," అన్నాను. నోరు జారలేదు, అడగాలనే అడిగాను.

ఆయన తెల్లపొడి అంటిన చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. "ఉండచ్చు," అన్నారు. క్యారేజీ విప్పారు.

జనవరిలో ఆయన టెక్సస్ వెళ్ళిన వారానికే పెద్ద మంచు పడింది. పొద్దున్నే కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళి, స్తంభానికున్న బోర్డు మీది మంచు చేత్తో తుడిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. కారు తియ్యాలి. నాకు డ్రైవింగ్ రాదు. తాళాలు పట్టుకుని పక్కింటాయన తలుపు కొట్టాను.