ఒక్క గోలీ మింగని పాప

2023 వానాకాలం. వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. రోగి శాంపిల్‌లో ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు చస్తుందో తేల్చి డాక్టర్లకు చెప్పడం నా పని. చాలావరకు చప్పటి పనే. శాన్వి కేసు మాత్రం నా మతి పోగొట్టింది.

దౌల్తాబాద్ దగ్గరి పల్లె నుంచి, గొర్రెలు కాసుకునే ఇంటి కోడలు మంజుల తన ఏడాదిన్నర కూతురు శాన్విని తెచ్చింది. నెత్తురు విరేచనాలు, కాలిపోయే జ్వరం. శాంపిల్‌లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. దాన్ని ప్లేటులో పెంచి రకరకాల మందుల బిళ్లలు పెడతాం. పనిచేసే మందు చుట్టూ బ్యాక్టీరియా చచ్చి ఖాళీ వలయం కనిపిస్తుంది. మర్నాడు చూస్తే ఒక్క బిళ్ల చుట్టూ తప్ప ఎక్కడా వలయం లేదు. బిళ్లలు పాడయ్యాయేమోనని కొత్తవి పెట్టి మళ్లీ చేశాను. అదే తీరు. ఇంత చిన్న పిల్లలో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

ఇంతకుముందు ఏం మందులు వాడారని మంజులను నిలదీశాను.

“పుట్టినకాంచి నా బిడ్డకు ఒక్క గోలి గూడ ఎయ్యలే మేడం” అంది.

పనిచేసే ఆ ఒక్క ఇంజెక్షన్‌తోనే పాప గట్టెక్కింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే జబ్బుతో వచ్చింది. ఈసారి ఆ వలయం కూడా సన్నబడింది. మూడోసారి వస్తే ఇవ్వడానికి మా దగ్గర మందు లేదు. ఎక్కడి నుంచి అంటుకుంటోందో వెంటనే పట్టుకోవాలి.

వాళ్లింటికి వెళ్లి నీళ్లు, పాలు, అందరి చేతుల శాంపిళ్లు తీసుకున్నాం. గుమ్మం పక్కన గంప కింద తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి అరుస్తోంది. పనిలో పనిగా దాని పెంటికలూ తీసుకున్నాం. అన్నిటినీ హైదరాబాద్‌కు జీనోమ్ సీక్వెన్సింగ్‌కు పంపాం. అంటే బ్యాక్టీరియా జన్యువులను మొదటి నుంచి చివరిదాకా చదివి, ఏది దేనికి చుట్టమో తేల్చడం.

పాప ఇంకా వార్డులో ఉండగానే రిపోర్టు వచ్చింది. పాప కడుపులోదీ గొర్రెపిల్లదీ ఒకటే సాల్మొనెల్లా. మందులకు లొంగనివ్వని జన్యువులన్నీ రెండింట్లోనూ ఉన్నాయి.

మంజులను కూర్చోబెట్టి అడిగాను. తల్లిలేని గొర్రెపిల్లలకు పారుడు, అంటే విరేచనాలు, రాకుండా తాండూరులో కొన్న యాంటీబయాటిక్ పొడిని రోజూ చిటికెడు పాలల్లో కలిపి పట్టడం వాళ్లింటి అలవాటట. రోగం లేకపోయినా పడతారు. అలా పడితే బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, మొండివి మిగిలి పెరుగుతాయి. దేంతో పడతావంటే, శాన్వి పాలసీసాతోనే అంది. పాప తాగాక గొర్రెపిల్లకు, నీళ్లతో కడిగి మళ్లీ పాపకు.

ఆ సీసా ద్వారానే గొర్రెపిల్ల నుంచి పాపకు అంటుకుందని విడమరిచి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

“గొర్రెపిల్ల సావొద్దని వోసిన మేడం. గట్ల నా బిడ్డకే మందు లేకుంట చేసుకున్ననా?”

తెలియక జరిగిందన్నాను. ఆ మాటతో ఆమె ఏడుపు ఆగలేదు.

అదే ఇంజెక్షన్‌తో శాన్వి ఈసారి నెమ్మదిగా కోలుకుంది. సీసాలు వేరయ్యాయి, పొడి ఆగింది. మూడోసారి రాలేదు. ఇప్పుడు నేను పిల్లలకు ఏం మందులు వాడారని అడిగి ఊరుకోను. ఇంట్లో గొడ్డూ గోదకు ఏం పోస్తున్నారని కూడా అడుగుతాను.

అయినా గుబులు తీరలేదు. ఈమధ్య తాండూరు నుంచి ఒక వ్యాపారి ఇంటి పెద్దాయన శాంపిల్ వచ్చింది. జన్యువులు చదివిస్తే శాన్వి కడుపులో దొరికిన అదే సాల్మొనెల్లా. వాళ్లింట్లో గొర్రె అన్నదే లేదు.