మూడో భాగం ఆయన గొంతులో

విఠల్ రావు మాస్టారు ఇక లేరన్న దుర్వార్త నాంపల్లి స్టేషన్ దగ్గర, బడికి పోతూ విన్నాను. ముందురోజు నా చాయ్ కూడా తానే తాగేసి నవ్విన మనిషి! నిద్రలోనే గుండె ఆగిపోయిందట. భూగోళం బోధించే ఆ సౌజన్యమూర్తితో ఒకే బడిలో పనిచేసిన తెలుగు పంతుల్ని నేను.

పాశ్చాత్య సంగీతమంటే ఆయనకు ప్రాణం. ఆబిడ్స్‌లో ఎవరో దొర ఊరు విడిచిపోతూ సామాను అమ్మితే, గ్రామఫోనుతోబాటు పద్దెనిమిదో శతాబ్దపు సింఫనీ ఒకటి, అంటే నాలుగు భాగాల వాద్యసంగీతం, రికార్డుల కట్టగా కొని, రిక్షాలో ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున తోటి పంతుళ్లం మమ్మల్ని ఇంటికి పిలిచి వినిపించేవారు. సాహిత్యం లేనిదేం సంగీతమని నేను ముఖం చిట్లించాను. మొదటి భాగం కాగానే లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

"ఏంది పంతులుగారూ, గప్పుడే పోతరా? మొదటిదాంట్ల ఇద్దరు వాదులాడుకున్నరు, ఆఖర్ల ఒక్కమాట మీదికొచ్చిన్రు. రెండోదాంట్ల జర నిమ్మళంగ కూసుంటరు. మూడోది మూడు దెబ్బల తాళం మీద ఆట. నాలుగోది నవ్వుకుంట ఇంటికి ఉరుకుడు. నాలుగూ ఇంటేనే మనిషి తెలుస్తడు."

ఆ మాటతో నా పాండిత్యం కాస్త దిగింది. తర్వాతి ఆదివారాలు అందరికంటే ముందు నేనే హాజరు.

ఒక దీపావళికి ఇల్లు దులుపుతుంటే, ఆయన భార్య సక్కుబాయిగారి చేతిలోంచి మూడో భాగం ఉన్న రికార్డు జారి ముక్కలైంది. ఆబిడ్స్ దుకాణాలన్నీ తిరిగినా అదొక్కటే విడిగా దొరకలేదు. ఆవిడ మా ముందే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చారు.

"ఫికర్ జేయకు. గది నా గొంతుల ఉన్నది, యాడికి పోతది?" అన్నారు మాస్టారు.

అప్పటినుంచి రెండో భాగం కాగానే సూది ఎత్తి, తొడమీద తాళం వేస్తూ మూడో భాగం తానే పాడేవారు. హుందాగా ఎత్తుకుని, నడుమ మెత్తగా తగ్గి, మళ్లీ మొదటి వరసకే వచ్చేవారు. శ్రుతి గొప్పగా ఉండేదని అబద్ధం చెప్పను. అయినా ఒక్క వారమూ ఎగ్గొట్టలేదు. ఎగ్గొడితే పగిలిన సంగతి భార్యకు గుర్తొస్తుందని ఆయన బాధ. ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని, తలొంచుకుని వినేవారు.

కర్మకాండ ముగిశాక, మొన్న ఆదివారం ఆవిడ మమ్మల్ని పిలిపించి రికార్డులు పెట్టమన్నారు. రెండో భాగం అయింది. మూడోది లేదు కదా అని నేను నాలుగో భాగం అందుకున్నాను.

"ఆగుండ్రి పంతులుగారూ. ఆయన పాడేది ఉన్నది గదా."

చేతిలో రికార్డుతో అలాగే నిలబడిపోయాను. ఆవిడ గడప మీద వేళ్లతో తాళం వేస్తున్నారు. మూడు దెబ్బలు, మళ్లీ మూడు. నడుమ చెయ్యి మెత్తబడింది, తిరిగి పుంజుకుంది. ఎవరమూ దగ్గనైనా లేదు. నాకు కన్నీళ్లాగలేదు. అలాంటి సహృదయుడు, అలాంటి మిత్రుడు ఈ జన్మకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యాత్ముడికి మేమంతా అర్పించిన అంజలి ఆ కాసేపటి నిశ్శబ్దమే.

ఆవిడ వేళ్లు ఆగాయి. కళ్లు తుడుచుకున్నారు.

"అయిపోయింది. ఇగ పెట్టుండ్రి."