నఫీసా గ్రైండర్‌కు బిగించిన చక్రం

2022లో, బక్రీదుకు ముందు జరిగిన సంగతి ఇది. సంతోష్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో నాకు మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన మోటర్లకు రాగి తీగ మళ్లీ చుట్టడం అసలు పని. దాంతోపాటు వడ్రంగులకు, వెల్డింగ్ వాళ్లకు చిన్న గ్రైండర్లు తయారు చేసి ఇస్తుంటాను. ఇరవై ఏళ్ల పైబడిన ఈ పనిలో, నేను చేసిన మిషన్‌కు నేనే భయపడింది ఆ ఒక్కసారే.

నఫీసా యాకుత్‌పురా నుంచి వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి. వాళ్లది కసాయి కత్తులు చేసే ఇల్లు. తండ్రి హమీద్ చాచాకు చూపు, వినికిడి తగ్గాక పని మొత్తం ఆమె మీదే పడింది.

“నర్సింగన్నా, పండుగ ఆర్డర్లు మస్తున్నయి. ఆకురాయితోని రుద్ది రుద్ది మణికట్టు పోయింది. బెల్ట్ గ్రైండర్ గావాలె. ఆన్‌లైన్ల జూసిన, ఆ ధర మా తోటి కాదు,” అంది.

బెల్ట్ గ్రైండర్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. గరుకు కాగితం లాంటి పొడవాటి పట్టీ మూడు చక్రాల మీద తిరుగుతుంది. కత్తిని ఆనిస్తే ఇనుము అరుగుతుంది. మోటర్ షాఫ్ట్‌కు, అంటే తిరిగే ఇరుసుకు బిగించి, పట్టీని లాగే చక్రాన్ని డ్రైవ్ వీల్ అంటాం.

“సస్తాల అయితది ఆపా,” అన్నాను. “పాత మోటర్‌కు కొత్త తీగ చుడుత. ఫ్రేమ్ స్క్రాప్ ఇనుముతోని చేస్త. నువ్వు పట్టీలు మాత్రం మంచియి కొనుక్కో.”

“అబ్బా నా పక్కనే కూసుంటడు. కత్తులు వేడెక్కితె నీళ్లల్ల ముంచి ఇస్తడు. ఆయనకు ఏం గాకుండ చూడు,” అంది తండ్రి గురించి.

“ఫికర్ చెయ్యకు.”

ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట. ఖర్చు ఇంకా తగ్గించడానికి డ్రైవ్ వీల్‌ను గట్టి ఉక్కు కడ్డీ నుంచి తీయించలేదు. ఒక చిన్న ఫౌండ్రీలో అల్యూమినియంతో మూడు చక్రాలు పోత పోయించాను. ఒకటి నఫీసా మిషన్‌కు బిగించి, దుకాణంలో పది నిమిషాలు నడిపి చూశాను. చప్పుడు బాగానే ఉంది. పంపించేశాను.

పది రోజులు గడిచాయి. ఇంకొకరికి మిషన్ చేయాల్సి వచ్చి, రెండో చక్రాన్ని, సైజు కాస్త తగ్గించమని, పక్క దుకాణంలో లేత్ మిషన్ నడిపే యాదగిరికి ఇచ్చాను. అర్ధగంట గడవకముందే అతను చక్రం పట్టుకుని వచ్చాడు.

“అన్నా, గిది సూడు.”

చెక్కిన చోట గోరంత డొల్ల బయటపడింది. పోతలో గాలి చిక్కుకుంటే ఏర్పడే ఆ డొల్లను బ్లోహోల్ అంటాం. పైనుంచి చూస్తే కనపడదు. దాని నుంచి ఒక వెంట్రుకంత గీత బయల్దేరి కీవే దాకా పోయింది. షాఫ్ట్ మీద చక్రం జారకుండా మేకు దింపే గాడి అది, అసలే బలహీనమైన చోటు.

“తిప్పితె పగులుతది,” అన్నాడు యాదగిరి. “ముక్క ఎవరి దిక్కు పోతదో వాని పని అయిపాయె. మొదటిది ఏడున్నది అన్నా?”

మొదటిదీ అదే కొలిమిలో కరిగిన లోహం, అదే రోజు పోసిన పోత. ఆ మోటర్ నిమిషానికి రెండు వేల ఎనిమిది వందల చుట్లు తిరుగుతుంది. చక్రానికి సరిగ్గా ఎదురుగా ఎవరు కూర్చుంటారో నాకు ముందే తెలుసు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఎందుకు ఎత్తడం లేదో ఊహించడానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు. మిషన్ చప్పుడులో ఫోన్ వినపడదు. లేకపోతే ఎత్తే స్థితిలో లేదు.

స్కూటర్ తీశాను. యాకుత్‌పురా దారి పొడుగునా అమ్మకానికి తెచ్చిన పొట్టేళ్లు, బేరాలాడే జనం. ఎంత హారన్ కొట్టినా ఎవరూ కదలడం లేదు. ఆగిన ప్రతిచోటా ఫోన్ చేశాను. రైల్వే స్టేషన్ దగ్గర స్కూటర్ వదిలేసి, వాళ్ల గల్లీలోకి పరుగెత్తాను.

గల్లీ మొదట్లోనే మిషన్ చప్పుడు వినపడింది. బతికే ఉన్నారన్న ధైర్యం ఒక్క క్షణం. ఆ చప్పుడులో నా దుకాణంలో నడిపినప్పుడు లేని దడదడ ఒకటి వినపడేసరికి ఆ ధైర్యమూ పోయింది.

నఫీసా నాకు వీపు పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, రెండు చేతులతో పెద్ద కత్తిని పట్టీకి ఆనించి ఉంది. చాచా స్టూలు మీద, చక్రానికి రెండు జానల దూరంలో కూర్చున్నాడు. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. ఉలిక్కిపడి తిరిగితే పట్టీ కత్తిని లాక్కుంటుంది. గుమ్మం పక్కన మీటర్ డబ్బా కనపడింది. మెయిన్ స్విచ్ దించేశాను.

కరెంటు పోయినా చక్రం వెంటనే ఆగదు. “అబ్బా, కరెంట్ పోయింది,” అని తండ్రితో అంటూ నఫీసా కత్తిని వెనక్కి తీసింది. మిషన్‌కు ఏమైందో చూద్దామని చాచా ముందుకు వంగాడు.

“చాచా, హటో, జరుగు!” అని అరిచాను. ఆయనకు వినపడలేదు. పరుగున వెళ్లి స్టూలు కాలు పట్టి, ఆయనతో సహా గోడ వైపు లాగేశాను. నీళ్ల బకెట్ తిరగబడింది. వేగం తగ్గేకొద్దీ ప్రమాదం తగ్గుతుందని తెలుసు. అయినా ఆ చక్రం ఆగేదాకా ముసలాయనను అదిమి పట్టుకునే ఉన్నాను.

“ఏమైందన్నా? గిట్ల జేస్తవేంది?” నఫీసా కత్తి కింద పెట్టి అడిగింది.

స్పానర్ తీసుకుని చక్రం విప్పాను. కీవే నుంచి అంచు వైపు రెండు వేళ్ల పొడవున పగులు. గోరు పెడితే దిగుతోంది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని పగులు తడిమి చూసింది. “నిన్నటి సంది పట్టీ ఎడమ దిక్కు గుంజుతుంది. ట్రాకింగ్ పోయిందేమో అని నాబ్ తిప్పుకుంట నడిపిస్తున్న,” అంది. పట్టీని చక్రాల మధ్యలో నిలబెట్టే సర్దుబాటు అది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది: “నీకు ఎరుకేనా అన్నా?”

“ఎరుక లేదు ఆపా. కోసి చూడలె.”

“ఎరుక లేకపోవుడు ఒకటి. చూడకపోవుడు ఒకటి.”

ఏ తిట్టూ నాకు ఎప్పుడూ అంతగా తగల్లేదు. చాచా మాత్రం ఏమీ అర్థం కాక, తడిసిన లుంగీ పిండుకుంటూ నాకు చాయ్ పెట్టమని కూతురికి చెబుతున్నాడు.

మరునాడు యాదగిరి ఉక్కు కడ్డీ నుంచి కొత్త చక్రం తీశాడు. దాని చుట్టూ మందపాటి రేకు గార్డ్ వెల్డింగ్ చేసి బిగించాను. నఫీసా వెంటనే స్విచ్ వెయ్యలేదు. తండ్రిని బయటి అరుగు మీద కూర్చోబెట్టి, నన్ను నడపమంది. తను పక్కన నిలబడి విన్నది. గంట తర్వాతే కత్తి చేతిలోకి తీసుకుంది. మిగిలిన రెండు పోత చక్రాలను నేను సుత్తితో పగలగొట్టాను. అప్పటిదాకా చెక్కి చూడని మూడోదాంట్లోనూ డొల్ల ఉంది.

చవక మిషన్ అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తారు. చవకగా చేయడం తప్పు కాదు, చేసిస్తాను కూడా. కదలకుండా నిలబడే ఫ్రేమ్ పాతదైనా, వంకరైనా, మహా అయితే పని చెడుతుంది. వేగంగా తిరిగే చక్రం దగ్గర చేసిన పొదుపు మాత్రం మిషన్ ముందు కూర్చున్న మనిషి మీదికి పోతుంది. కొనేవాళ్లకు ఆ తేడా తెలియదు. తెలిసినవాణ్ని నేనే కాబట్టి, పది నిమిషాలు నడిపి బాగుందనుకునే హక్కు నాకు లేదు. చక్రం దేంతో చేశావని ఆ రోజు నఫీసా అడగలేదు. అడగకపోయినా చెప్పవలసింది నేను.