గుమ్మం మీద వాలిన తీగ

కంప్యూటరు చెప్పినట్టు చెక్క చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని సొంతంగా చేసి తీరాలని, రెండు వేల దశకంలో అమలాపురంలోని మా ఇంటి వరండాలో పంతం పట్టాను. ఇనప చట్రం కుదిరింది, పొడవాటి స్క్రూలు కుదిరాయి. వాటిని తిప్పే మోటార్ల దగ్గరే పేచీ వచ్చింది.

గల్ఫులో ఓ ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే మా బావగారు ఫోన్లో సర్వో మోటార్లే కొనమనేవారు. సర్వో తను ఎంత తిరిగిందో తనే చూసుకుని, తేడా వస్తే ఆగిపోతుందట. నేను స్టెప్పరు అన్నాను. కంప్యూటరు ఇన్ని అడుగులు వెయ్యమంటే వేస్తుంది, అంతకన్నా ఏం కావాలి?

"వేసేననుకుంటుంది బామ్మర్దీ. వేసిందో లేదో దానికి తెలీదు," అన్నారాయన.

గల్ఫు వెళ్ళినవాళ్ళకి ఖరీదైనవే కంటికి ఆనుతాయని అక్క దగ్గర వెక్కిరించి, స్టెప్పర్లే బిగించాను.

వేసవంతా పాకింగు చెక్కల మీద పువ్వులు చెక్కుతుంటే వీధివీధంతా వచ్చి చూసింది. నాకు కొమ్ములొచ్చాయి. ఆ ఊపులో, అల్లవరంలో బావగారు కట్టిస్తున్న ఇంటికి సింహద్వారం పైచెక్క మీద పూలతీగ నేనే చెక్కుతానని మాటిచ్చేశాను. ఇన్నేళ్ళూ అద్దె ఇళ్ళలో ఈడ్చుకొచ్చిన అక్కకి అదే మొదటి సొంతిల్లు. వడ్రంగి తెచ్చిన టేకు చెక్క ఒక్కటే. పాడైతే గృహప్రవేశంలోగా అలాంటిది ఇంకోటి దొరకదు.

మార్గశిరంలో ఓ పొద్దున్న, చలికి చేతులు కొంకర్లు పోతుండగా, చెక్క బిగించి మొదలుపెట్టాను. కంప్యూటరు తెర మీద తీగ తిన్నగా సాగుతోంది. నేను తెరకేసే చూసుకుంటూ మురిసిపోతున్నాను. చూడ్డానికొచ్చి, కాఫీ తెచ్చిన అక్క మాత్రం చెక్కకేసి చూసింది.

"ఒరేయ్, తీగ కిందకి పోతోందేంట్రా?"

గబుక్కున ఆపేశాను. సగం దాకా వచ్చిన తీగ ఒక్కో మెలిక దగ్గరా కాస్త కాస్త జారుతూ కిందకి వాలిపోయింది. తప్పిన అడుగుల సంగతి మోటారుకే తెలియకపోతే ఇక నాకేం తెలుస్తుంది? అక్క వంగి, స్క్రూ మీద తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో తీసి వాసన చూసింది. తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ మా ఇంట్లో కొబ్బరినూనే. అలవాటుకొద్దీ స్క్రూలకీ అదే పోశాను.

"చలికాలం సీసా ఎండలో పెట్టకుండా తలకైనా రాసుకుంటామా?" అంది. కేకలేసినా బాగుండును, కళ్ళు తుడుచుకుంటూ అంది.

ఇద్దరం యంత్రాన్ని మోసుకెళ్ళి పెరట్లో ఎండకి పెట్టాం. నూనె కరిగి, పట్టేసిన స్క్రూలు మళ్ళీ తేలిగ్గా తిరిగాయి. చెక్కినదాన్ని చెరిపే దారి లేదు గనక, వాలిన చోటు నుంచే మిగతా తీగ పూర్తిచేశాను.

గృహప్రవేశానికి బావగారు దిగారు. చుట్టాల్లో ఒకాయన గుమ్మం కింద నిలబడి, తీగ వంకరపోయిందేమిటని నలుగురిలో అడిగాడు. అక్క మొహం చిన్నబోయింది. బావగారు తలెత్తి ఆ చెక్కని నిదానంగా చూశారు.

"తీగన్నాక వాలదేంటండీ? మా బావమరిది కావాలనే అలా చెక్కేడండీ, ఆయ్."

అక్క అప్పుడు నవ్వింది. నాకు ఆయన కాళ్ళ మీద పడిపోవాలనిపించింది.

అక్క ఆయనకి జరిగిందంతా ముందే చెప్పేసినట్టుంది. భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుకుంటూ మెల్లగా అన్నారు:

"సర్వో మోటార్లు నా పెట్టెలో ఉన్నాయి, పట్టుకెళ్ళు. నూనె మాత్రం నేను చెప్పేది పొయ్యి."