డేరాలు కుట్టినవాళ్ల పేజీ

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇటుక ఎంత, సిమెంటు ఎంత పడుతుందో లెక్క వేసి చెప్పడం జగ్గయ్యపేటలో నా పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మేస్త్రీల వెనక తిరిగి పట్టుకున్నాను. చదవడమూ అలాగే అబ్బింది.

నెలకోసారి, ఆదివారం ఆరాధన అయ్యాక, నందిగామలో ఒక చర్చి వరండాలో కొద్దిమంది చదువరులం కలుస్తాం. మాలో ఒక కట్టుబాటు ఉంది. చారిత్రక నవల ఎవరికిచ్చినా ఆ కాలం గురించిన చరిత్ర పుస్తకం కూడా జతగా ఇవ్వాలి. ముందు నవల చదవాలి, తరవాత చరిత్ర. నవల ఆశ పెడుతుంది, చరిత్ర సరిచూస్తుంది అని ఆ వరస నేనే పెట్టాను.

మాలో అందరికంటే వేగంగా చదివేది బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న చెల్లెమ్మ. పోయిన వేసవిలో ఒక ఆదివారం నేనిచ్చిన జతను తెచ్చి నా పక్కన పెట్టింది. నవలలో సగం దగ్గర బస్సు టికెట్టు ఉంది. చరిత్ర పుస్తకం తెరిచిన గుర్తే లేదు.

“ఇంక నాకొద్దన్నయ్యా. చదవడం మానేస్తున్నా.”

“ఏమ్మా, బాలేదా?”

“బానే ఉంది, రాజుగారికి. మా అమ్మ బతుకంతా మిరపకోతకి పోయింది. నేను జాకెట్లు కుడతా. ఎన్ని పుస్తకాలు తిప్పినా మాలాంటోళ్లు ఒక్కళ్లు కనపడరేంటండి? పిలవని పెళ్లికి పోయి కూర్చున్నట్టుంది.”

ఆటో నడిపే భాయ్ కూడా మాలో ఒక చదువరే. “కూర్చోమ్మా, రాజుగారి ఏనుగు ఎంత మేసిందో అన్నయ్య లెక్క తీస్తాడు” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చదివి మరిచిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. చదివి ఇలా అడిగే మనిషి పోతే మా వరండాలో మిగిలేది పుస్తకాలు మార్చుకోవడమే. ఆమె ఆపిన పేజీ తెరిచాను. కృష్ణ ఒడ్డున సైన్యం దిగుతోంది. తెల్లారేసరికి వెయ్యి డేరాలు లేచాయని రాశారు. అలవాటు కొద్దీ అడిగాను.

“మిషను లేకుండా పెద్ద డేరా ఒకటి కుట్టాలంటే ఎన్నాళ్లు పట్టుద్దమ్మా?”

“మందం గుడ్డ కదా. నలుగురు కూర్చుంటే వారం.”

“అయితే వెయ్యి డేరాలకి నూరుమంది కూర్చున్నా నలభై వారాలు.”

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. తరవాత ఒక్కసారిగా అంది: “అంటే యుద్ధం వచ్చుద్దని ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది కుట్టేవాళ్లకేనా!”

చరిత్ర పుస్తకం చివరి సూచిక పట్టుకుని ఇద్దరం వెతికాం. దండు వెంట నడిచినవాళ్ల గురించి ఒక చిన్న పేరా దొరికింది. గడ్డి కోసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, డేరాలు కుట్టేవాళ్లు.

“ఇంతేనా?”

“ఇంతే. కానీ ఉన్నారు.”

ఆమె చరిత్ర పుస్తకం ఒక్కటే సంచిలో వేసుకుంది. నవల నా దగ్గరే వదిలేసింది. వచ్చే నెల వస్తానని గాని, రానని గాని చెప్పలేదు.

వచ్చింది. వస్తూనే నవల అడిగి తీసుకుని, రెండూ కలిపి భాయ్ చేతిలో పెట్టింది. చరిత్ర పుస్తకంలోంచి జాకెట్టు గుడ్డముక్క ఒకటి బయటికి కనబడుతోంది.

“ముందు ఈ గుడ్డముక్క ఉన్న పేజీ చదువు భాయ్. తరవాత నవల. రాజుగారొచ్చేటప్పుడు వెనకాల ఎవరొస్తున్నారో చూసుకుంటా చదువు.”

“వరస మార్చావేంటమ్మా?” అన్నాను.

“మీ వరసలో ఎక్కితే మధ్యలో దిగిపోయా కదన్నయ్యా.”

భాయ్ ఆ పేజీ తెరిచి వేలు పెట్టి చదువుతున్నాడు. “మా తాత ఎద్దులకి నాడాలు కొట్టేవాడు. ఆళ్లున్నారా ఇందులో?”

“చదివి నువ్వే చెప్పు” అంది చెల్లెమ్మ.